ఇల్లు మారితే డిష్ ఎందుకు మొరాయిస్తుంది?

క్లుప్తంగా: ఒకే ఊళ్లో ఇల్లు మారితే ఆకాశంలో ఉపగ్రహం చోటు దాదాపు మారదు. మారేది డిష్‌ను మోసే గొట్టం, గోడ, ఎదురుగా వచ్చే అడ్డం. ఊరు మారితే మాత్రం లెక్క వేరు. ఉపగ్రహం దాదాపు నేరుగా దక్షిణాన ఉంటే, తూర్పు పడమరలకు వెళ్లినప్పుడు డిష్‌ను పక్కకు తిప్పాలి, ఉత్తర దక్షిణాలకు వెళ్లినప్పుడు అది పైకి చూసే ఎత్తు మార్చాలి. బొమ్మ రావడం ఒకటి, అది వానలోనూ నిలవడం మరొకటి.

ఆషాఢంలో ఇల్లు మారరు. శ్రావణం రాగానే వీధుల్లో సామాను ట్రాలీలు మొదలవుతాయి. పాలు పొంగించడం, బీరువా పైకెక్కించడం, గ్యాస్ బండ తగిలించడం ఆ పూటకే అయిపోతాయి. ఆఖరున మిగిలేది టీవీ. పాత డాబా మీద ఆరేడేళ్లు ఎవరూ చెయ్యి పెట్టకుండానే పనిచేసిన డిష్‌ను అవే నట్లతో, అదే వాలులో కొత్త పిట్టగోడకు బిగిస్తారు. తెర మీద ‘నో సిగ్నల్’ తప్ప ఏమీ రాదు. ఊరు అదే, డిష్ అదే, సెట్‌టాప్ బాక్సూ అదే. మరి తేడా ఎక్కడ వచ్చినట్టు?

కదలని ఉపగ్రహం

డీటీహెచ్ ప్రసారాలిచ్చే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఎత్తులో ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయం ఒకటే. అందుకే కిందనుంచి చూస్తే అవి ఆకాశానికి మేకు కొట్టి తగిలించినట్టు ఒకేచోట ఉంటాయి. ఒక్కోదానికి చిరునామా దాని రేఖాంశమే. టాటా ప్లేది 83 డిగ్రీల తూర్పు, డీ2హెచ్‌ది 88, డీడీ ఫ్రీ డిష్‌ది 93.5, డిష్ టీవీది 95, ఎయిర్‌టెల్‌ది 108.2. సన్ డైరెక్ట్ 93.5తో పాటు 91.5నూ వాడుకుంటుంది.

హైదరాబాద్ 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, భూమధ్యరేఖకు 17 డిగ్రీలు ఉత్తరాన ఉంది. కాబట్టి ఇక్కడి డిష్‌లన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్యనే చూస్తాయి. 83 డిగ్రీల ఉపగ్రహం కోసం డిష్ దిక్సూచిలో 165 డిగ్రీల వైపు తిరగాలి. అంటే దక్షిణం నుంచి కాస్త తూర్పుకు. ఎత్తు 69 డిగ్రీలు, నడినెత్తికి మరీ దూరం కాదు. 95 డిగ్రీలదైతే 135 దగ్గర, అచ్చంగా ఆగ్నేయం. వాస్తు చూసి కట్టిన ఇంట్లో వంటగది ఏ మూల ఉందో గుర్తుంటే ఆ దిక్కుకు దిక్సూచి అక్కర్లేదు. 108.2 డిగ్రీలదైతే 118 వైపు తిరగాలి, ఆగ్నేయం దాటి ఇంకా తూర్పుకు. ఎత్తు కూడా 50 డిగ్రీలకు దిగిపోతుంది.

ఎదురింటి డిష్ చూసి మన డిష్ తిప్పుకోవడం వీధుల్లో అందరూ చేసే పనే. ఒకే కంపెనీదైతే అది మంచి ఉపాయం. కంపెనీ వేరైతే హైదరాబాద్‌లో ఈ రెండు కొసల మధ్య 47 డిగ్రీల తేడా ఉంది. పక్కింటి డిష్ దారి చూపడం మాట అటుంచి, దారి తప్పిస్తుంది.

ఒకే ఊళ్లో మారితే: నేరం గొట్టానిది

కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్‌కు మారారనుకుందాం. నగరం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చినా ఉపగ్రహం దిక్కులో గానీ ఎత్తులో గానీ అర డిగ్రీ తేడా కూడా రాదు. 60 సెంటీమీటర్ల డిష్ పట్టే కిరణం వెడల్పు సుమారు 3 డిగ్రీలు. ఆ లెక్కన పాత ఇంటి కొలతలే కొత్త ఇంట్లో పనిచేయాలి. పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు గొట్టమే.

డిష్ వెనక బ్రాకెట్ మీద ఎత్తు చూపే గీతలుంటాయి. ఆ గీతలు నేలను బట్టి చెప్పవు, డిష్ కూర్చున్న గొట్టాన్ని బట్టి చెబుతాయి. గొట్టం నిటారుగా ఉన్నంతసేపే అవి నిజం. పాత డాబా మీద గొట్టం 2 డిగ్రీలు వెనక్కు వాలి ఉంటే, ఆనాడు బిగించినవాడు సిగ్నల్ చూసుకుంటూ బ్రాకెట్‌ను 2 డిగ్రీలు కిందికి సర్ది ఉంటాడు. అంటే ఆ బ్రాకెట్ మీద ఉన్నది ఉపగ్రహం ఎత్తు కాదు, పాత గోడ వంకరను కలుపుకున్న ఎత్తు. దాన్ని అలాగే తెచ్చి నిటారు గొట్టం మీద పెడితే పాత వంకర కొత్త ఇంటికి సామానుతో పాటు వచ్చినట్టే. గొట్టం పక్కకు ఒరిగితే చిక్కు ఇంకా ఎక్కువ. డిష్‌ను కుడి ఎడమలకు తిప్పుతున్న కొద్దీ ఎత్తు కూడా దానంతట అదే మారుతుంటుంది. గంటసేపు తిప్పినా ఉపగ్రహం మీదుగా ఒక్కసారి కూడా పోకపోవచ్చు.

అందుకే పని తెలిసినవాళ్లు ముందు డిష్ జోలికి పోరు. గొట్టానికి రెండు వైపులా రసమట్టం ఆనించి చూస్తారు. అది లేకపోతే దారానికి కట్టిన రాయి చాలు. గొట్టం పక్కన దారం వేలాడదీసి, ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూస్తే వాలు తెలిసిపోతుంది. ఒక వాషర్ ముక్క ప్లేటు కింద పెట్టి బిగిస్తే తీరిపోయే లోపం ఇది. దీన్ని వదిలేసి డిష్ తిప్పుతూ కూర్చోవడం, పునాది వంకరగా ఉండగా గోడకు సున్నం వేయడం లాంటిది.

ఎంత చిన్న కదలిక ఎంత దూరం తీసుకుపోతుందో కూడా గమనించాలి. 60 సెంటీమీటర్ల డిష్ అంచు అర సెంటీమీటరు జరిగితే చూపు ఒక డిగ్రీ మారినట్టు. ఉపగ్రహాలుండే కక్ష్యలో ఒక డిగ్రీ అంటే 736 కిలోమీటర్లు. ఆఖరి బోల్టు బిగించేటప్పుడు పానా లాగిన ఊపుకే డిష్ ఆ అర సెంటీమీటరు జరుగుతుంది. బొమ్మ వచ్చిందని సంబరపడి బోల్టు గట్టిగా తిప్పగానే బొమ్మ పోవడం వెనక రహస్యం ఇదే. రెండు వైపులా కొద్దికొద్దిగా, తెర మీద అంకె చూసుకుంటూ బిగించాలి.

మరో అనుమానితుడు ట్రాలీ. డిష్‌ను బీరువా కింద తోసి తెస్తే అంచు వంగుతుంది. డీటీహెచ్ వాడే 11, 12 గిగాహెర్ట్జ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి కొన్ని మిల్లీమీటర్ల సొట్ట కూడా కిరణాలను చెదరగొడుతుంది. పరీక్ష సులువు. అంచు మీద అడ్డంగా ఒక దారం, నిలువుగా ఒక దారం బిగించి లాగితే రెండూ మధ్యలో ఒకదాన్నొకటి తాకాలి. వాటి నడుమ సందు కనిపించినా, ఒకటి మరొకదాన్ని నొక్కుతున్నా డిష్ మెలి తిరిగినట్టే.

ఊరు మారితే: ఏ వైపు వెళ్లారన్నదే లెక్క

జిల్లాలు దాటినప్పుడు కొలతలు నిజంగానే మారతాయి. కానీ ఎటు వెళ్లినా ఒకేలా మారవు. 83 డిగ్రీల ఉపగ్రహాన్నే తీసుకుంటే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్తే ఎత్తు మారదు. అక్కడా 69 డిగ్రీలే. దిక్కు మాత్రం 165 నుంచి 180కి, అంటే నేరుగా దక్షిణానికి వస్తుంది. విశాఖ రేఖాంశం 83.2 కావడమే కారణం, ఉపగ్రహం ఆ ఊరికి సూటిగా దక్షిణాన ఉంది. అదే డిష్‌ను హైదరాబాద్ నుంచి తిరుపతికి తీసుకెళ్తే కథ తిరగబడుతుంది. దిక్కు 165 దగ్గరే ఉంటుంది, ఎత్తు 69 నుంచి 73 దాటుతుంది. భూమధ్యరేఖకు దగ్గరవుతున్న కొద్దీ ఉపగ్రహం నడినెత్తి వైపు జరుగుతుంది. ఢిల్లీకి బదిలీ అయితే దీనికి వ్యతిరేకం, ఎత్తు 56కు పడిపోతుంది.

కాబట్టి 83 డిగ్రీల ఉపగ్రహం వాడేవాళ్లలో విశాఖ వెళ్లేవాళ్లు ఎత్తు బోల్టును ముట్టుకోకుండా గొట్టం మీద డిష్‌ను పక్కకు మాత్రం తిప్పాలి. తిరుపతి వెళ్లేవాళ్లు ఎత్తు మీద దృష్టి పెట్టాలి. రెండు బోల్టులూ ఒకేసారి వదులు చేసి వెతకడమే చాలామంది చేసే పొరపాటు. రెండూ వదిలితే వెతకాల్సిన ఆకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకటి స్థిరంగా ఉంటే వెతుకులాట ఒక గీత మీదే.

ఊరు మారినప్పుడు మరచిపోయే మూడో కొలత ఎల్‌ఎన్‌బీ మెలిక. డిష్ ముందు చేతికి తగిలించి, సిగ్నల్‌ను పట్టే చిన్న డబ్బాయే ఎల్‌ఎన్‌బీ. ప్రసారాలు నిలువు, అడ్డం అని రెండు తీరుల్లో వస్తాయి. వాటిని పట్టే ఎల్‌ఎన్‌బీ తన పట్టులో సరిగ్గా తిరిగి ఉండాలి. ఈ మెలిక కూడా ఊరిని బట్టి మారుతుంది. కొన్ని చానళ్లు హాయిగా వస్తూ మరికొన్ని అసలు రాకపోతే డిష్ దిక్కును అనుమానించే ముందు దీన్ని చూడాలి. బాక్స్ ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులు పంపితే ఒక తీరు, 18 పంపితే రెండో తీరు వస్తుంది. పాత కేబుల్ కనెక్టర్‌లో తుప్పు పట్టి ఆ వోల్టేజీ పైదాకా చేరకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

అడ్డం ఎక్కడుంది?

డీటీహెచ్ డిష్‌ను చూసి అది ఎటు చూస్తోందో కంటితో చెప్పడం కష్టం. ఎల్‌ఎన్‌బీ కిందివైపు ఉండే ఈ రకం డిష్ తన ముఖం చూస్తున్న చోటికన్నా 22 నుంచి 25 డిగ్రీలు పైకి చూస్తుంది. 69 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహాన్ని పట్టిన డిష్ ముఖం 45 డిగ్రీల దగ్గరే వాలి ఉన్నట్టు కనిపిస్తుంది. ‘ఎదురుగా గోడ ఉంది, అడ్డం వస్తుంది’ అని వదిలేసిన చోట నిజానికి ఏ అడ్డమూ ఉండకపోవచ్చు. ‘ఎదురుగా ఖాళీయే కదా’ అనుకున్న చోట పైనున్న సన్‌షేడ్ దారి మూసేయవచ్చు.

ఇక్కడ కంపెనీని బట్టి లాభనష్టాలు తారుమారవుతాయి. డిష్ కన్నా 15 మీటర్లు ఎత్తైన అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉందనుకుందాం. 69 డిగ్రీల ఎత్తు ఉపగ్రహానికి ఆ భవనం 6 మీటర్ల దూరంలో ఉన్నా ఫర్వాలేదు. 50 డిగ్రీలదానికి పన్నెండున్నర మీటర్లు ఉండాలి. ఇరుకు సందుల్లో ఎత్తున ఉన్న ఉపగ్రహానిదే పైచేయి. బాల్కనీ దగ్గరికి వచ్చేసరికి తూకం కిందున్న ఉపగ్రహం వైపు మొగ్గుతుంది. డిష్‌కు 2 మీటర్లు పైన పై అంతస్తు స్లాబు ఉంటే, 69 డిగ్రీల చూపుకు ఆ స్లాబు అంచు డిష్ కన్నా ముప్పావు మీటరు ముందుకు రాగానే దారి మూసుకుపోతుంది. 50 డిగ్రీల చూపు ఒకటిన్నర మీటర్లకు పైగా ఓర్చుకుంటుంది. అందుకే కొన్ని ఫ్లాట్లలో డిష్‌ను బాల్కనీ రైలింగ్ దాటించి బయటికి వేలాడదీయక తప్పడం లేదు. ఉత్తరం, పడమర బాల్కనీలు మాత్రమే ఉన్న ఫ్లాటుకు ఏ కంపెనీ డిష్ అయినా పనికిరాదు. అలాంటివాళ్లకు డాబాయే గతి, డాబాకు అసోసియేషన్ అనుమతి గతి. అద్దె మాట్లాడుకునేటప్పుడు నీళ్లు, పార్కింగ్ అడిగినట్టే ఈ సంగతీ అడగడం నయం.

బలం వేరు, నాణ్యత వేరు

సెట్‌టాప్ బాక్స్ మెనూలో రెండు గీతలుంటాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. తికమకంతా వీటి మధ్యే. స్ట్రెంగ్త్ అంటే కేబుల్‌లో వస్తున్న మొత్తం శక్తి. అందులో రొద కూడా కలిసి ఉంటుంది. డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా ఆ గీత కొంత పైకి లేచే ఉంటుంది. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోంది, కేబుల్ తెగలేదు అని చెప్పడమే దాని పని. బాక్స్ తనకు కావలసిన ప్రసారాన్ని గుర్తుపట్టి, తప్పుల్లేకుండా చదవగలుగుతోందా అన్నది క్వాలిటీ చెబుతుంది. చూడాల్సింది దాన్నే.

స్ట్రెంగ్త్ దండిగా ఉండి క్వాలిటీ సున్నా దగ్గరే ఆగిపోతే పక్క ఉపగ్రహాన్ని పట్టి ఉండే అవకాశం ఉంది. 91.5, 93.5, 95 పక్కపక్కనే ఉన్నాయి. డిష్ అంచున ఒక సెంటీమీటరు తేడా చాలు, ఒకదాని బదులు మరొకటి వస్తుంది. మరో ఇబ్బంది ఆలస్యం. బాక్స్ ప్రసారాన్ని చదివి అంకె చూపించడానికి కొన్ని క్షణాలు పడుతుంది. డాబా మీద ఒకరు తిప్పుతూ, కింద మరొకరు ఫోన్‌లో ‘వచ్చింది... పోయింది’ అని చెప్పేలోపు పైవాడు దాన్ని దాటిపోతాడు. వేలి మందం జరిపి, మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే మళ్లీ జరపడం దీనికి విరుగుడు. సిగ్నల్ మీటరు ఉన్న టెక్నీషియన్ పది నిమిషాల్లో ముగించడానికి అతని చేతి నేర్పు ఒక్కటే కారణం కాదు. మీటరు అక్కడికక్కడే జవాబిస్తుంది.

ఫోన్‌లోని దిక్సూచిని నమ్మేటప్పుడూ జాగ్రత్త కావాలి. స్లాబులో ఇనుప చువ్వలు, పక్కన ఇనుప గొట్టం, నీళ్ల ట్యాంకు స్టాండు అన్నీ దాన్ని పక్కకు లాగుతాయి. గొట్టానికి నాలుగైదు అడుగులు దూరంగా నిలబడి దిక్కు చూసి, ఆ దిక్కున దూరంగా కనిపించే సెల్ టవరో చెట్టో గుర్తు పెట్టుకుని, దాని వైపు డిష్ తిప్పడం మేలు.

ఎండలో బొమ్మ, వానలో చీకటి

డిష్ ఉపగ్రహం నుంచి ఒక డిగ్రీ తప్పినా ఎండ రోజున బొమ్మ వస్తుంది. డిజిటల్ ప్రసారం తీరే అంత, కావలసినంత సిగ్నల్ ఉన్నంతవరకు బొమ్మ అద్దంలా ఉంటుంది. కాస్త తగ్గగానే గళ్లు గళ్లుగా చెదిరి ఆగిపోతుంది. పాత యాంటెన్నా రోజుల్లో లాగా చుక్కలు కనిపించి ముందే హెచ్చరించే మధ్యస్థితి దీనికి లేదు. ఒకటిన్నర డిగ్రీలు తప్పితే అందే శక్తి సగానికి పడిపోతుంది, అయినా మిగిలిన సగంతో ఎండాకాలమంతా నెట్టుకొస్తుంది. దట్టమైన వాన ఈ తరంగాలను పీల్చుకోవడం మొదలుపెట్టగానే ఆ లోటు బయటపడుతుంది. ‘మబ్బు పడితే చాలు టీవీ పోతోంది’ అనే ఫిర్యాదుల్లో కొంత భాగం వాన మీదికి పోవాల్సింది కాదు, బిగింపు మీదికి పోవాల్సింది. కుండపోతలో ఎంత సరిగ్గా బిగించిన డిష్ అయినా కాసేపు ఆగుతుంది. చిన్న జల్లుకే ఆగితే మాత్రం దాన్ని మళ్లీ సరిచూడాలి.

శ్రావణంలో ఇల్లు మారేవాళ్లకు ఇందులో ఒక ఇరకాటం ఉంది. మబ్బుల్లో క్వాలిటీ అంకె దానంతట అదే పైకీ కిందికీ ఊగుతుంది. డిష్ జరిపినందుకు పెరిగిందో మబ్బు జరిగినందుకు పెరిగిందో తెలియదు. ఆ పూటకు బొమ్మ వచ్చేలా బిగించి, తెరిపి ఇచ్చిన రోజున మరోసారి సర్దుకోవడం తప్పదు.

ఉపగ్రహమే మారిన రోజులు

ఇల్లు మారకుండానే డిష్ తిప్పాల్సి వచ్చిన సందర్భం కూడా ఉంది. 2010 జులైలో ఇన్‌శాట్-4బి ఉపగ్రహం సౌర ఫలకాల వైపు విద్యుత్ లోపం తలెత్తి ప్రసారాలను అందుకుని తిరిగి కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లలో సగం ఆపేయాల్సి వచ్చింది. 93.5 డిగ్రీల వద్ద ఉన్న ఆ ఉపగ్రహం మీదే సన్ డైరెక్ట్ నడిచేది. సేవలను 91.5 వద్ద ఉన్న మీశాట్-3కి మార్చారు. ఆకాశంలో తేడా 2 డిగ్రీలే. 3 డిగ్రీల కిరణం ఉన్న డిష్‌కు అది చాలు, చూపు అంచు దాటిపోతుంది. దాంతో ఎక్కడి డిష్‌లను అక్కడ మళ్లీ తిప్పాల్సి వచ్చింది.

దీనికి పూర్తి భిన్నం 83 డిగ్రీల కథ. 2005లో పంపిన ఇన్‌శాట్-4ఎ, 2012లో పంపిన జీశాట్-10, 2022 జూన్‌లో పంపిన జీశాట్-24, అన్నీ ఆ ఒక్క చిరునామాకే వచ్చాయి. కొత్త ఉపగ్రహం పాతదాని పక్కనే చేరడంతో డాబాల మీద ఎవరూ పానా పట్టుకోనవసరం లేకపోయింది. ఉపగ్రహం కన్నా అది నిలిచే చోటుకే ఎక్కువ విలువ ఎందుకో ఈ పోలిక చెబుతుంది.

మళ్లీ బిగించాలా, వదిలేయాలా?

ఇల్లు మారే సమయమే ఇప్పుడు చాలామంది డీటీహెచ్‌కు వీడ్కోలు చెబుతున్న సమయం కూడా. కొత్త ఇంట్లో ఎలాగూ ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంటారు, డిష్ బిగింపు ఖర్చు, డాబా అనుమతి తలనొప్పి ఎందుకన్న లెక్క. నగరాల్లో ఈ లెక్కకు బలం ఉంది. ఫైబర్ అందని పల్లెల్లో, నెలవారీ చందా లేని ఫ్రీ డిష్‌తో సరిపెట్టుకునే ఇళ్లల్లో లేదు. అక్కడ డిష్ ఇంకా ఇంటి సామానులో భాగమే.

తీసుకెళ్లేవాళ్లు విప్పే ముందు ఐదు నిమిషాలు వెచ్చిస్తే కొత్తచోట గంట మిగులుతుంది. డిష్‌ను పక్కనుంచి ఫోటో తీయాలి. ఎత్తు గీత దగ్గర, ఎల్‌ఎన్‌బీ పట్టు దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టాలి. పాత గొట్టం నిటారుగా ఉందో లేదో దారంతో చూసి రాసుకోవాలి. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా గుర్తులకు అర్థం ఉండదు. కేబుల్ కొనను కోసి కొత్త కనెక్టర్ వేసేటప్పుడు జాలీ తీగల్లో ఒక్క పోగు కూడా మధ్య రాగి తీగను తాకకూడదు. తాకితే షార్ట్ అయి ఎల్‌ఎన్‌బీకి కరెంటే అందదు. ఎల్‌ఎన్‌బీకి చేరే ముందు కేబుల్‌ను ఒకసారి కిందికి వంచి పైకి తిప్పితే వాననీరు కనెక్టర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

అన్నీ సరిచూశాక కూడా ఏ కొమ్మ అడ్డమో తేలకపోతే, ఏడాదికి రెండుసార్లు సూర్యుడే వచ్చి చూపిస్తాడు. మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకానూ మన ప్రాంతంలో సూర్యుడు రోజూ కొన్ని నిమిషాలు ఉపగ్రహానికి సరిగ్గా వెనక నిలుస్తాడు. హైదరాబాద్‌లో 83 డిగ్రీలదానికి మధ్యాహ్నం 12 ప్రాంతంలో, 108.2 డిగ్రీలదానికి ఉదయం 10 ప్రాంతంలో ఇది జరుగుతుంది. అప్పుడు సూర్యుడి రొదలో ప్రసారం మునిగి బొమ్మ ఆగిపోతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఆ నిమిషాల్లో డాబా ఎక్కి డిష్ మీద నీడ ఉందేమో చూడాలి. వేపకొమ్మ నీడ డిష్ ముఖం మీద పడుతోందంటే, కోయాల్సిన కొమ్మ అదే.